చామాన్ల పలక

ఆ హోటల్లో అడుగు పెట్టగానే జగదీశ్వరరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డున ధనరాజు కొత్తగా కట్టిన హోటలది. గోడల నిండా పాత సైకిళ్లే. ఒకదాన్ని తలకిందులుగా వేలాడదీసి, చక్రాల ఊచల్లో ప్లాస్టిక్ బంతిపూలు గుచ్చారు. ఇంకోదాని సీటు పీకేసి ఆ గొట్టంలో కొవ్వొత్తి నిలబెట్టారు. చేతులు కడుక్కునే బేసిన్‌ని ఒక లేడీస్ సైకిలు క్యారియర్ మీద బిగించారు. ఇంకా హోటలు తెరవనైనా లేదు, అప్పుడే ఎవడో అందులో కిళ్లీ ఉమ్మేసి పోయాడు. డెబ్భై ఏళ్లు మనుషుల్ని మోసిన ఇనుముకి ఇదా మర్యాద? వీడు తన తాత ఎముకలు దొరికినా రంగేసి దీపపు స్తంభాలు చేయించేలా ఉన్నాడనుకున్నాడు జగదీశ్వరరావు.

ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరై తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో బరంపురం చుట్టుపక్కల ఎవరికి పాత సైకిలు దొరికినా ముందు ఆయనకే చూపిస్తారు. సీటు కింద కొట్టిన నంబరు చూసి, ఫోర్కు భుజాలు తడిమి, హబ్బు మీద నూనె పోసే బుల్లి మూత ఉందో లేదో చూసి, అది ఏ దేశపుదో ఏ పదేళ్లలో తయారైందో చెప్పేస్తాడు. సైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్లు నలభై మందితో ఫోన్లో ఒక గ్రూపు కూడా ఉంది. అందులో ఆయన అన్నదే ఆఖరి మాట.

"రండి సార్, రండి. తమరి కోసమే సూస్తన్నాను," అంటూ ధనరాజు ఎదురొచ్చాడు. రోడ్ల కాంట్రాక్టరు. మెడలో లావుపాటి గొలుసు, చేతిలో రెండు ఫోన్లు. "మిగతావన్నీ గోడకి కొట్టించీసాను గానండీ, దీన్ని మాత్రం కొట్టను. మధ్యలో అద్దాల పెట్టిలో పెడతాను. పక్కన మీ కాయితం ఫ్రేము కట్టిస్తాను. ఇది అసలైందే అని రాసి ఒక్క సంతకం పడీండి. అంతే, అయిపోనాది."

ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద నల్లటి సైకిలు నిలబెట్టి ఉంది. జగదీశ్వరరావు కళ్లజోడు సవరించుకుని దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. నంబరు ముందున్న అక్షరాన్ని ఆకురాయితో అరగదీశారు. వెనక హబ్బుకి నూనె మూత లేదు. హ్యాండిలు ఒక బండిది, ఫోర్కు ఇంకో బండిది. ఇక తుప్పు. పాత తుప్పుకి వాసన ఉండదు. దీని చైను కవరు దగ్గర ముక్కు పెడితే పులిసిన చింతపండు, ఉప్పు, గొడ్డు పంచితం కలిసి గుప్పుమన్నాయి. గొయ్యి తీసి పాతిపెట్టి పది రోజులు అవే పోశారన్నమాట. తుడుచుకున్న చేతిరుమాలుని మళ్లీ జేబులో పెట్టుకోవడానికి కూడా ఆయనకి మనసొప్పలేదు.

నాలుగు మాటలు గట్టిగా అనడానికి నోరు తెరిచేసరికి హ్యాండిలు కింద గొట్టానికి బిగించిన ఇత్తడి పలక కనిపించింది. నాలుగువేళ్ల వెడల్పుంది. దాని మీద ఇలా చెక్కి ఉంది: శ్రీ నీలకంఠేశ్వర సైకిల్ మార్టు. సైకిళ్లు, చామాన్లు అమ్మబడును. బరంపురం, గంజాం జిల్లా.

"అదే సార్ అసలు గుర్తు!" అన్నాడు ధనరాజు, వంగి వేలు పెట్టి చూపిస్తూ. "సామాన్లు కాదు, చామాన్లు. మీరే గదా పేపర్లో సెప్పినారు. అది దంత్య చకారమనీ, చ రాసి స అని పలికీవోరనీ, అప్పటి రాతే అలాగుండేదనీ. చా ఉంటే అసలుది, సా ఉంటే నకిలీ. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను కూడాను."

జగదీశ్వరరావు ఆ చా మీద వేలితో తడిమాడు. సరిగ్గా ఇలాంటి పలకే ఆయన ఇంట్లో ఉంది. సైకిలంతా దొంగదైతే దాని మీది పలక ఒక్కటీ దొర ఎలా అవుతుంది? ఇది దొర కాకపోతే, ఇంట్లో ఉన్నదో?

"ఎక్కడ కొన్నావు?"

"మెకానిక్కు సూరన్న దగ్గిర సార్. ఇంకెక్కడ దొరుకుతాయి?"

పలకని ఫోనుతో ఫొటో తీసుకుని, రేపు చెప్తానని లేచాడు. "రేపంటే రేపే సార్, ఎల్లుండే ఓపినింగు," అని వెనకనుంచి ధనరాజు అరుస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. భార్య శ్యామలాదేవి ఆయన మొహం చూసి, "గోపాల్‌పూర్ ఎల్లొచ్చిన మనిషి అలా మాడిపోయిన మొకమేసుకొచ్చారేటి?" అంది. ఆయన తిన్నగా ముందుగదిలోకి పోయాడు. ఆ గదిలో పన్నెండు సైకిళ్లున్నాయి. పదకొండు ఒక వరసలో ఉంటే, పన్నెండోది మాత్రం కిటికీ పక్కన, శ్యామలాదేవి పాత పట్టుచీర కప్పుకుని, విడిగా ఉంటుంది.

ఆయన నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి మిల్లులో పని కోసం ఇక్కడికొచ్చి, మొదటగా కొన్న వస్తువు ఒక సైకిలు. కొన్నది నీలకంఠేశ్వర వారి షాపులో. జగదీశ్వరరావుకి అయిదేళ్లు రాకుండానే ఇంట్లో జబ్బులొచ్చి దాన్ని అమ్మేశారు. షాపూ ఏనాడో మూతపడింది. మిగిలింది ఒక్క ఫొటో. అందులో నాన్నగారు సైకిలు పట్టుకుని నిలబడి ఉంటారు. పలక ఉండాల్సిన చోట ఎండ పడి తెల్లటి మచ్చ మెరుస్తూ ఉంటుంది. ఆ మచ్చలో ఏం రాసి ఉందో ఒక్కసారి తన కళ్లతో చదవాలన్నది ఆయన కోరిక. పన్నెండు సైకిళ్లు పోగేసినా, ఊరూరూ తిరిగినా, నలుగురి చేతా పంతులుగారనిపించుకున్నా అసలు కోరిక అదొక్కటే.

ఎనిమిదేళ్ల క్రితం మెకానిక్కు సూరన్న ఈ పన్నెండోదాన్ని తోసుకుంటూ గుమ్మంలోకి తెచ్చాడు. పలక చూసి జగదీశ్వరరావు వీధిలోనే ఏడ్చేశాడు. ఇంటింటికీ మిఠాయి పంచాడు. వచ్చినవాళ్లలో ఒకరు, "చామాన్లేమిటండీ, తప్పు కదా?" అన్నారు. తెలీదు అనడం ఆయనకి పుట్టుకతో రాదు. "అది దంత్య చకారం. ఆనాటి రాత," అని నోటికొచ్చింది చెప్పేశాడు. చెప్పాక ఆ మాట ఆయనకే బాగున్నట్టనిపించింది. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు పెంచాడు. మూడోసారికి అది పేపర్లోకెక్కింది. ఆ తర్వాత గ్రూపులో రూలై కూర్చుంది.

ఇప్పుడు చీర తీసి, చైను కవరు దగ్గర ముక్కు పెట్టాడు. ఎనిమిదేళ్లుగా తను పూస్తున్న నూనె వాసన తప్ప ఇంకేమీ రాలేదు. భూతద్దం పెట్టి, ఫోన్లో ఫొటోనీ ఈ పలకనీ పక్కపక్కన చూశాడు. రెండింట్లోనూ 'మ' తోక దగ్గర ఉలి ఒకేలా జారింది. ఒకే షాపు పలకలు ఒకే మనిషి చెక్కి ఉండొచ్చు కదా, జారితే ఒకేలా జారదా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకుంటున్న తన గొంతు విని తనకే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున్నే పాత బస్టాండు వెనక సూరన్న రేకుల షెడ్డుకి వెళ్లాడు. సూరన్నకి డెబ్భై దాటాయి. పాత టైరు మీద కూర్చుని ట్యూబుకి గాలి పట్టిస్తున్నాడు. షెడ్డంతా రబ్బరు కాలిన కంపు. మూల ఒక నీలం డ్రమ్ము, దాని మీద గోనెసంచి. ఆ డ్రమ్ములోంచి వచ్చే వాసన నిన్న గోపాల్‌పూర్‌లో పీల్చిందే.

"ఏటి బాబుగారూ, పొద్దున్నే ఒచ్చీసినారు? టీ తెప్పించమంటారేటి?"

"టీ వద్దు. ధనరాజుకి అమ్మిన సైకిలు ఎక్కడిది?"

"పాత్రపూర్‌ది బాబూ. అక్కడో ముసిలాయనున్నాడు. ఆళ్ల తాతల నాటిది."

"నాదో?"

"అదీ ఆ ఇంటిదే బాబూ."

"అయితే ఆ ఇంటి అడ్రసు రాసియ్యి. ఇప్పుడే బస్సెక్కుతాను."

సూరన్న అటూ ఇటూ చూశాడు. చెవి మీద పెన్సిలు తీశాడు. ట్యూబు అట్టపెట్టె చింపి, ఒక్కో అక్షరాన్నీ గట్టిగా నొక్కుతూ, నాలుక బయటపెట్టి మరీ రాసి ఇచ్చాడు. జగదీశ్వరరావు చదివాడు: పాత్రపూర్ చంత ఎనకాల, రొండో చందు, చోమేశు ఇల్లు.

ఆయన మళ్లీ చదివాడు. సంత చంతయింది. సందు చందయింది. సోమేశు, పాపం, చోమేశయ్యాడు. అట్టముక్కని సూరన్న మొహం ముందు పెట్టాడు.

"స రాయాల్సిన చోటల్లా చ ఎందుకు రాశావు?"

సూరన్న తెల్లబోయాడు. "అదేటి బాబూ, మీరే గదా నేర్పినారు! పార్సిలాఫీసు అరుగు మీద, రాతిరి బడిలో. 'సెప్పు కాదురా మొద్దూ, చెప్పు. సూడు కాదు, చూడు. మీ నోటికి స ఒచ్చిందంటే కాయితం మీద చ రాయాల' అని సెప్పినారు. అందరి ముందరా నవ్వినారు కూడాను. ఆ మూడు నెల్లే గదా బాబూ నా సదువు. సైకిలు మాటొక్కటీ బోర్డుల మీద సూసి రాస్తాను, మిగతావన్నీ అప్పట్నుంచీ తప్పు రాకుండా అలాగే రాస్తన్నాను."

జగదీశ్వరరావుకి గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల నాటి సంగతి. పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పిస్తే ఆఫీసులో ఒక సర్టిఫికెట్టు ఇస్తామన్నారు. మూడు నెలలు నేర్పి, సర్టిఫికెట్టు చేతికి రాగానే మానేశాడు. ఏ మాటలో స ఉండాలో, ఏ మాటలో చ ఉండాలో చెప్పలేదు. వాళ్ల మాట విని నవ్వడానికి ఉన్న తీరిక అది చెప్పడానికి లేకపోయింది. తను రిక్షావాళ్లనీ మెకానిక్కులనీ ఎగతాళి చేసిన ఆ తప్పే ఇత్తడి మీదకెక్కి వచ్చి గుమ్మంలో నిలబడితే, దాన్ని పట్టుకుని ఏడ్చాడు. దండ వేశాడు. దానికి దంత్య చకారమని పేరు పెట్టి ఊరంతా ఊరేగించాడు.

"నిజం సెప్పు సూరన్నా!" అని అరిచాడు. కోపంలో తన నాలుకే జారిందని ఆయనకి తెలియను కూడా తెలియలేదు. "రెండు పలకలూ నువ్వే చేశావా?"

"రెండు కాదు బాబూ," అన్నాడు సూరన్న, తల దించుకుని. "ఏడు."

 సూరన్న ట్యూబు పక్కన పడేసి అన్నాడు. "మొదటిది మాత్రం యాపారానికి సెయ్యలేదు బాబూ, మీ మీదొట్టు. మీరు పని మానీసినాక రోజూ ఒచ్చి నీలకంఠేశ్వర దొరికిందేటి అని అడిగీవోరు. నేదంటే మీ మొకం సూడ్నేకపోయేవోణ్ణి. ఓ ఇత్తడి ముక్కుంటే, ఇలా రాసుండొచ్చని మీరు సెప్పే మాటలే దాని మీద సెక్కాను. సూడగానే కనిపెట్టీసి నాలుగు తిడతారు, నవ్వుకుంటాం అనుకున్నాను. మీరు తిట్నేదు. ఏడిసినారు. మరింకెలా సెప్పీది? తరవాత పేపర్లో ఏసినారు. ఆళ్లూ ఈళ్లూ ఒచ్చి చా ఉన్నదే కావాలన్నారు. నాకూ పొట్టుంది గదా బాబూ."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా నాకు!"

"మీకు సెప్పడమేటి బాబూ?" సూరన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అందరికీ మీరు గదా సెప్పీది!"

ఆ డ్రమ్ము వాసన ఆయన ముక్కులో దూరి పోవడం లేదు. కింద ఇత్తడి రజను కనిపించింది. సూరన్న గోళ్లలోని నల్లటి మురికి కనిపించింది. ఇంత నీచానికి దిగజారిన ఈ ముసలాడి మొహాన ఉమ్మాలనిపించింది. కానీ ఉమ్మాల్సిన మొహం అది కాదని ఆ క్షణంలోనే తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ తనంటే తనకున్న గౌరవమంతా ఆ డ్రమ్ములోనే నానిందన్నమాట. షెడ్డు బయటికొచ్చి, కాలవ గట్టు మీద వంగి, పొద్దున తాగిన కాఫీ అంతా కక్కేశాడు.

ఇంటికి చేరేలోపే ధనరాజు ఫోను. "ఏటైంది సార్, కాయితం?"

"అది దొంగ సైకిలు. నా ఇంట్లోది కూడా దొంగదే. నేను సంతకం పెట్టను."

ధనరాజు నవ్వాడు. "తెలుసు సార్. రోడ్లేసుకునేవోణ్ణి, పైపూత కింద ఏటుంటాదో నాకు తెలీదేటి? నాక్కావలిసింది సైకిలు కాదు సార్, మీ సంతకం. మీరు నిజంగా నమ్మి పెడతారు. అందుకే దానికంత విలువ. పోనీ, నమ్మకపోయినా పెట్టీండి. ఎవుడికి తెలుస్తాది?"

జగదీశ్వరరావు ఫోను పెట్టేశాడు. నిజమే, ఎవడికీ తెలియదు. సూరన్న చెప్పడు. ధనరాజు చచ్చినా చెప్పడు. తను ఊరుకుంటే ఈ ఊళ్లో తన మాట మాటగానే ఉంటుంది. కిటికీ పక్కన చీర కప్పుకున్న ఆ సైకిలూ అలాగే ఉంటుంది. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లకి దంత్య చకారం గురించి చెబుతూ ముసలితనం గడిపేయొచ్చు. అలా చెప్పుకుంటున్న తనని తాను ఊహించుకుని, ఇంటివైపు గబగబా అడుగులు వేశాడు.

సంగతంతా విన్న శ్యామలాదేవి, "ఇప్పుడేటి సేస్తారు మరి?" అంది.

"గ్రూపులో పెడతాను."

"పరువు పోతాది."

"పోనీ. అది ఉన్నదెక్కడ?"

వంకర వేళ్లతో అరగంట కూర్చుని కొట్టాడు: 'నా దగ్గరున్న నీలకంఠేశ్వర పలక నకిలీది. చామాన్లు అనేది పాత రాత కాదు. ఒక మనిషి చేసిన తప్పు. ఆ తప్పు నేర్పింది నేను. దంత్య చకారమన్నది నా కల్పన. ఇంతకాలం మీకు తప్పు చెప్పాను. క్షమించండి. జగదీశ్వరరావు.' పంపేశాక, చెప్పుల దండ మెళ్లో పడేదాకా ఎదురుచూసేవాడిలా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

మొదట ఒక దండం బొమ్మ వచ్చింది. తర్వాత ఇంకో రెండు. ఒకాయన 'అమూల్యమైన సమాచారం గురువుగారూ' అని పెట్టాడు. ఇంకొకాయన గులాబీల మీద శుభోదయం రాసిన బొమ్మ పెట్టాడు. ఎవరూ చదవలేదు. ఆయన పేరు చూసి, రోజూ పెట్టే దండమే పెట్టి పోయారు. తిడతారని భయపడ్డ మనిషికి ఈ దండాలు చూస్తుంటే ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంది.

పన్నెండింటికి ఛత్రపూర్ నుంచి హేమచంద్ర ఫోను చేశాడు. కోర్టులో టైపిస్టు. ముప్పై దాటని కుర్రాడు. గ్రూపులో ఏది పెట్టినా రెండుసార్లు చదివేవాడు వాడొక్కడే.

"సార్, ఆ మెసేజి మీరే పెట్టారా? ఫోన్ ఎవరైనా..."

"నేనే పెట్టాను. ప్రతి ముక్కా నిజం."

 "మరైతే సార్, సా అని ఉన్నవో?"

"ఏవి?"

"నీలకంఠేశ్వర పలకలే సార్. పోయినేడు పొడంపేటలో ఒక చేపలాయన దగ్గర నాకో సైకిలు దొరికింది. నంబరు సరిపోయింది. హబ్బుకి నూనె మూతుంది. ఫోర్కు, రాడ్ బ్రేకులు, అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి. పలక మీద మాత్రం సామాన్లు అని ఉంది. సా ఉంటే నకిలీ అని మీరన్నారు కదా. గ్రూపులో పెడితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పాత ఇనుముకి ఏసేశాను సార్, పలకతో సహా."

జగదీశ్వరరావు కుర్చీ చేతిని పట్టుకున్నాడు. "ఫొటో ఉందా?"

"తియ్యలేదు సార్. నకిలీదానికి ఫొటో ఎందుకని."

"ఒకటేనా?"

"నాకు తెలిసి ఇంకో మూడు ఇలాగే పాత ఇనుముకి పోయాయి. పాత్రపూర్ వైపు ఒకటి, ఇక్కడ ఛత్రపూర్‌లో రెండు. గ్రూపులో కొత్తగా చేరినోళ్లకి ముందు మీ రూలే పంపుతాం కదా సార్. సా ఉంటే ముట్టుకోవద్దని." ఆ కుర్రాడు ఆయన్ని ఓదార్చాలనుకున్నాడు కాబోలు, గొంతు తగ్గించి అన్నాడు. "మీరు బాధపడకండి సార్. మీరు చెప్పింది మేం అక్షరాలా పాటించాం, అంతే."

ఆయన కళ్ల ముందు నాన్నగారి ఫొటోలో ఎండ పడ్డ ఆ తెల్లటి మచ్చ ఒక్కటే కనిపిస్తోంది. ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని అడిగాడు. "హేమచంద్రా, ఆ పలక మీద సామాన్లు కాకుండా ఇంకేం రాసుంది? ఒక్కసారి గుర్తు తెచ్చుకుని చెప్పు నాయనా."

"పూర్తిగా చదవలేదు సార్," అన్నాడు హేమచంద్ర. "సా కనబడగానే ఆపేశాను."